కట్ట ఎందుకు జారుతుంది, ఊటను దించి ఎలా నిలబెట్టాలి

నల్లరేగడి కట్టలు చాలాసార్లు వాన కురుస్తుండగా జారవు. వాన వెలిసి, ఎండ కాసి, ఇక ఫర్వాలేదు అనుకున్నాక రెండో రోజో మూడో రోజో జారుతాయి. కాలువ గట్లయితే నీళ్లు నిండుగా పారుతున్నన్నాళ్లూ కదలకుండా ఉండి, వేసవిలో కాలువ కట్టేసిన కొద్ది రోజులకు పగులుతాయి. రెండు చోట్లా కారణం ఒకటే. బయట నీరు తగ్గింది, మట్టి లోపలి నీరు తగ్గలేదు. ఆ లోపలి నీటి సంగతి తేల్చకుండా గోడ కట్టడం, కాంక్రీటు పూయడం, లారీల కొద్దీ మట్టి పోయడం మన దగ్గర మామూలైపోయింది. డబ్బు ఖర్చవుతుంది, మళ్లీ వానాకాలం వస్తుంది, కట్ట గోడతో సహా కిందికి వస్తుంది.

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఈ సమస్య రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి కొండవాలు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల, మాచవరం కొండలు తూర్పు కనుమల తరహా రాళ్లు, ముఖ్యంగా ఖోండలైట్, చార్నొకైట్. ఖోండలైట్ శిథిలమైన చోట ఎర్రటి మెత్తటి మట్టిగా మారుతుంది. దాని కింద పగుళ్లున్న రాయి ఉంటుంది. పైన పడ్డ నీరు మట్టిలోంచి దిగి, రాయి దగ్గర ఆగి, ఆ రెంటి నడుమ పొరలో వాలు వెంట పారుతుంది. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రిపైనా, 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలోనూ చరియలు విరిగిపడింది కొండ వానకు నానిన రోజుల్లోనే. మొగల్రాజపురంలో ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి.

రెండోది నల్లరేగడి. గుంటూరు వైపు కాలువ గట్లు, మురుగు డ్రెయిన్ల కట్టలు, చెరువు కట్టలు, రోడ్డు కోసం ఎత్తు చేసిన కట్టలు. వేసవిలో ఈ నేల నెర్రెలిస్తే లోతు మీటరు దాకా, కొన్నిచోట్ల అంతకు మించి పోతుంది. తొలకరి నీరు ఆ నెర్రెల్లోంచి నేరుగా కట్ట కడుపులోకి చేరుతుంది. నెర్రెలు పైన మూసుకుంటాయి, లోపల చేరిన నీటికి బయటికి వచ్చే దారి ఉండదు. నల్లరేగడి గుండా నీరు ఎంత నెమ్మదిగా కదులుతుందంటే, నెర్రెలు లేని గట్టి పొరలో రోజుకు మిల్లీమీటరులో పదో వంతు కూడా పోకపోవచ్చు.

2024 సెప్టెంబరులో బుడమేరుకు పడిన గండ్లను దీనితో కలపకూడదు. వరద ఉధృతికి కట్ట కోసుకుపోవడం వేరే జబ్బు, దాని మందు వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది లోపలి ఊటతో నెమ్మదిగా బలం కోల్పోయి దిగిపోయే వాలు గురించి.

నీరు చేసే పని ఏమిటి

మట్టిని వాలుగా నిలబెట్టేది రేణువుల మధ్య రాపిడి. పై మట్టి బరువు రేణువులను ఒకదానికొకటి అదిమిపెడుతుంది. సందుల్లో నిండిన నీరు తన ఒత్తిడితో వాటిని విడదీయడానికి చూస్తుంది. అదిమే బలంలోంచి నీటి ఒత్తిడి పోగా మిగిలినదే రాపిడికి పనికొస్తుంది. కార్ల్ టెర్జాఘీ 1920ల్లో తేల్చిన ఈ సూత్రం మీదే నేటి మట్టి శాస్త్రం నడుస్తోంది. నీరు మట్టిని మెత్తబరుస్తుందని, బరువెక్కిస్తుందని అంటుంటాం. అవి కొంతవరకు నిజమే. అసలు దెబ్బ మాత్రం ఒత్తిడిది. అందుకే మట్టిని పూర్తిగా ఆరబెట్టాల్సిన పని లేదు, ఒత్తిడి దిగితే చాలు. బంకమట్టిలో వేసిన మంచి డ్రెయిన్ నుంచి రోజుకు ఒక బకెట్టు నీళ్లే రావచ్చు. అది పనిచేయడం లేదని అనుకోవద్దు.

లెక్కలో చూద్దాం. మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడుగున్న, అంటే మీటరు లేచేసరికి రెండు మీటర్లు పక్కకు పోయే నల్లరేగడి వాలు. రెండు మీటర్ల లోతున, వాలుకు సమాంతరంగా జారే పొర. మట్టి బరువు ఘనపు మీటరుకు 1.95 టన్నులు, జిగట బలం (రేణువులు అంటుకుని ఉండే బలం) చదరపు మీటరుకు 0.5 టన్ను, ఘర్షణ కోణం (రేణువుల మధ్య రాపిడికి కొలత) 24 డిగ్రీలు అనుకుందాం. ఆ పొర మీద కిందికి లాగే బలం చదరపు మీటరుకు 1.56 టన్నులు. నీరు లేనప్పుడు ఆపే బలం 1.89 టన్నులు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చే 1.21 భద్రతా గుణకం. అది ఒకటి కంటే తగ్గితే కట్ట దిగుతుంది. ఊట నేల పైదాకా వచ్చి వాలు వెంట పారుతుంటే ఆపే బలం 1.18కి పడిపోయి, గుణకం 0.75 అవుతుంది. మట్టి మారలేదు, వాలు మారలేదు.

డ్రెయిన్ వేసి ఆ నీటిమట్టాన్ని ఒక మీటరు దించితే గుణకం 0.98. మీటరున్నర దించితే 1.10. డ్రెయిన్ జోలికి పోకుండా వాలునే మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడుగు వచ్చేలా పరిస్తే, నీరు పైదాకా ఉన్నప్పుడు 1.08. వాలు అలా పరిచి, నీటిమట్టాన్ని మీటరున్నర కూడా దించితే 1.59. మనుషులు, ఇళ్లు, రోడ్లు ఆధారపడిన కట్టకు దీర్ఘకాలంలో 1.5 దగ్గర ఉండాలని చూస్తారు కాబట్టి, ఏ ఒక్క పనీ చాలదని, రెండూ కలిస్తేనే నిలుస్తుందని ఈ అంకెలే చెబుతున్నాయి. మీ సైటులో మట్టి పరీక్ష అంకెలు వేరుగా ఉంటాయి. వాటి మధ్య పోలిక మాత్రం ఇదే ధోరణిలో ఉంటుంది.

ఒకసారి జారిన పొర సంగతి ఇంకా కష్టం. జారేటప్పుడు బంకమట్టి రేణువులు ఒకే దిక్కుకు పరుచుకుని, ఆ పొర నున్నగా మెరుస్తుంది. అక్కడ జిగట బలం దాదాపు సున్నా. ఘర్షణ కోణం నల్లరేగడిలో 13 డిగ్రీల దగ్గరికి కూడా పడిపోవచ్చు. అంత బలంతో పైన చెప్పిన మూడింతల వాలు, దించిన నీటిమట్టం రెండూ ఉన్నా గుణకం 0.60 మాత్రమే. అంటే జారిన పొరను అలాగే ఉంచి దాని మీద మట్టి సర్ది, గడ్డి వేసి, పని అయిపోయిందనుకోవడం కుదరదు. ఆ పొరను తవ్వి తీసేయాలి, లేదంటే దాన్ని దాటి కిందిదాకా పోయే కందకాలతో దాని కొనసాగింపును తెంచాలి.

గోడ ఒక్కటే ఎందుకు చాలదు

నాలుగు మీటర్ల రిటైనింగ్ వాల్ వెనక పొడి గ్రావెల్ మట్టి ఉంటే, గోడ పొడవులో ప్రతి మీటరు మీద తోపు సుమారు 4.9 టన్నులు. అదే గోడ వెనక నీరు పైదాకా నిండితే మట్టి తోపు కొంత తగ్గినా నీటి తోపు 8 టన్నులు వచ్చి చేరి, మొత్తం 10.7 టన్నులవుతుంది. రెట్టింపు దాటింది. పొడి మట్టికి లెక్కేసి కట్టిన గోడ వాలిపోవడంలో వింత లేదు.

గోడకు వీప్ హోల్స్, అంటే వెనక నీరు బయటికి పోయే రంధ్రాలు, పెడతారు కదా అంటారు. పెడతారు, వాటి వెనక వడపోత పొర పెట్టరు. ఖాళీ పైపు మట్టికి ఆనుకుని ఉంటే మొదటి వానకే లోపలి మట్టి కొట్టుకొచ్చి గోడ వెనక గుల్లవుతుంది, లేదా పైపు పూడిపోతుంది. వీప్ హోల్ కింద తెల్లటి చార కూడా లేకుండా గోడ శుభ్రంగా ఉండి, గోడ మీది మట్టి మాత్రం ఎప్పుడూ చెమ్మగా ఉంటే అది మూసుకుపోయిందని అర్థం. గోడ వెనక పూర్తి ఎత్తునా కనీసం 30 సెంటీమీటర్ల మందాన వడపోత పొర, అడుగున గోడ పొడవునా చిల్లుల పైపు, ఆ పైపు నీళ్లు పోయే చోటు. ఇవి మూడూ లేని గోడ నీటికి అడ్డుకట్టే.

కాంక్రీటు లైనింగ్ వేసిన కాలువలోనూ ఇదే కథ. కాలువ కట్టేయగానే గట్టులో మిగిలిన నీరు పలకల వెనక నుంచి నెట్టి, వాటిని లేపేస్తుంది. ఒత్తిడి వదిలే రంధ్రాలు, వాటి వెనక వడపోత గుంటలు లేకపోతే ఎంత మంచి కాంక్రీటైనా పగులుతుంది.

బీట కనిపించిన మొదటి రెండు రోజులు

కట్ట పైన విల్లులా వంగిన బీట, కింద ఉబ్బిన నేల, కొత్తగా వచ్చిన ఊట. ఈ మూడింట్లో రెండు కనిపించినా కదలిక మొదలైనట్టే. కింద ఇళ్లుంటే ముందు మనుషులను ఖాళీ చేయించాలి. కొండవాలు జారడానికి ఒక్కోసారి నిమిషాలే పడుతుంది.

తర్వాత చేయాల్సింది పైనుంచి నీరు దిగకుండా ఆపడం. బీట మీద టార్పాలిన్ పరిచి, బీటకు పై వైపున చిన్న మట్టి గట్టు వేసి, వాన నీటిని పక్కకు మళ్లించాలి. బీటలో బంకమట్టి దట్టించి మూయవచ్చు, సిమెంటు పాలు పోయకూడదు. కదిలే నేలలో అది మరుసటి రోజే పగులుతుంది, పైగా ద్రవంగా ఉన్నంతసేపూ బీటను విడదీస్తుంది. కట్ట పైన ఇసుక కుప్పలు, ఇటుకలు, ఆగిన లారీలు ఏవున్నా తీసేయాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది కిందికి జారి వచ్చిన మట్టిని జేసీబీతో ఎత్తేయడం. దారి మూసుకుపోయిందని, డ్రెయిన్ పూడిందని తొందరపడి అడుగు మట్టి తీస్తే, అప్పటిదాకా కట్టను ఆపుతున్న బరువే పోతుంది. గంటల్లో రెండో జారుడు వస్తుంది. తప్పనిసరైతే పైభాగం బరువు తగ్గించాకే, మూడు నాలుగు మీటర్ల ముక్కలుగా తీసి, తీసిన చోట వెంటనే రాళ్లు పేర్చాలి. తీసిన మట్టిని కట్ట పైన పోయడం మరీ ఘోరం.

బీటకు రెండు వైపులా ఇనుప కడ్డీలు పాతి, వాటి మధ్య దూరం రోజూ ఒకే వేళకు టేపుతో కొలిచి రాసుకోవాలి. రోజుకు కదిలే దూరం తగ్గుతూ వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. నిన్న 2 మిల్లీమీటర్లు, ఇవాళ 5, రేపు 12 అన్నట్టు పెరుగుతుంటే అక్కడ ఎవరూ ఉండకూడదు, మిషన్లు కూడా.

నీరు ఎక్కడిదో తేల్చుకోవడం

కొండ ప్రాంతాల్లో వానకంటే ఇళ్ల నీరే ఎక్కువ చేటు చేయగలదు. వెయ్యి చదరపు మీటర్ల వాలులో 30 ఇళ్లు, ఒక్కో ఇంటి నుంచి రోజుకు 500 లీటర్లు ఇంకుడు గుంతలోకో, పగిలిన పైపులోంచో భూమిలోకి పోతున్నాయి అనుకోండి. అంటే రోజుకు 15 మిల్లీమీటర్ల వాన, ఏడాదికి 5,400 మిల్లీమీటర్లు పైనే. విజయవాడలో ఏడాది మొత్తం పడే వాన వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ వానలోనూ చాలా భాగం పైనే పారిపోతుంది.

మే నెలలో, వాన చుక్క లేని రోజుల్లో కొండవాలులో ఊట కారుతుంటే అది వాన నీరు కాదనే అనుమానించాలి. రెండు రాత్రులు పై వీధి నీటి వాల్వ్ కట్టేసి, ఊట తగ్గుతుందేమో బకెట్టు, గడియారం పెట్టి కొలిస్తే చాలా వరకు తేలిపోతుంది. సెప్టిక్ ట్యాంకు అనుమానమైతే యురానిన్ అనే ఆకుపచ్చ రంగు కలిపి కింద ఊటలో వస్తుందేమో చూస్తారు. కారణం పైపే అయితే దాన్ని బాగు చేయడమే అన్నిటికంటే చవకైన మందు. ఇంకుడు గుంతలు పట్టణానికి మంచివే. వాలు అంచున మాత్రం వద్దు, అక్కడి ఇళ్ల మురుగు పైపుల్లో కిందికి దిగాల్సిందే.

నీటిమట్టం తెలుసుకోవడానికి జారిన చోట కనీసం మూడు బోర్లు ఒకే గీత మీద వేయాలి. ఒకటి అంచు పైన, ఒకటి నడుమ, ఒకటి అడుగున. మూడూ జారిన పొరను దాటి రెండు మూడు మీటర్లు కిందికి పోవాలి. ప్రతి దానిలో 25 లేదా 32 మిల్లీమీటర్ల పీవీసీ పైపు దించి, అట్టడుగు మీటరుకు మాత్రమే గాట్లు పెట్టి, చుట్టూ ఇసుక పోసి, దాని పైన అరమీటరు బెంటొనైట్ (తడిస్తే ఉబ్బి నీటిని ఆపే బంక) ముద్దతో మూయాలి. ఆ మూత లేకపోతే పై వాన నీరు బోరు వెంట దిగి తప్పుడు కొలత ఇస్తుంది. బంకమట్టిలో పైపు నీరు అసలు మట్టానికి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బోరు వేసిన సాయంత్రమే చూసి నీరు లేదని రాసేయడం చాలా చోట్ల జరిగే పొరపాటు. ఏప్రిల్ కొలత మీద డిజైన్ చేయడమూ అంతే తప్పు. సెప్టెంబరు, అక్టోబరు కొలత కావాలి. అది లేకపోతే నీరు నేలమట్టం దాకా ఉందనే లెక్క వేయాలి.

ఆ పైపులు ఇంకో పనికీ వస్తాయి. దారానికి అడుగు పొడవు సన్నటి ఇనుప కడ్డీ కట్టి వారానికోసారి దించుతుంటే, మట్టి కదిలి పైపు వంగిన చోట కడ్డీ ఆగిపోతుంది. జారే పొర లోతు అదే. నేల లోపలి కదలికను కొలిచే ఖరీదైన ఇంక్లినోమీటర్ పరికరం లేని చోట ఇది నమ్మదగ్గ కొలత.

కందకపు డ్రెయిన్లు

నల్లరేగడి కట్టకు నేను మొదట చూసే పరిష్కారం వాలు వెంట పైనుంచి కిందికి తవ్వే కందకపు డ్రెయిన్లు. అడ్డంగా తవ్వకూడదు. అడ్డ కందకం పని పూర్తయ్యేలోపే కట్టను కోసేస్తుంది.

ఆరు మీటర్ల ఎత్తు, మీటరు ఎత్తుకు మీటరున్నర అడుగు, 30 మీటర్ల పొడవునా రెండు మీటర్ల లోతున జారిన కట్టనుకోండి. వాలు పొడవు 10.8 మీటర్లు. ఆరు మీటర్లకు ఒకటి చొప్పున ఆరు కందకాలు, ఒక్కోటి 0.75 మీటరు వెడల్పు, 3 మీటర్ల లోతు. జారిన పొర కంటే మీటరు కిందికి పోతుంది కాబట్టి ఆ పొర ఆరు చోట్ల తెగుతుంది. తెగిన చోట వడపోత ఇసుక రాపిడి బంకమట్టి కంటే ఎంతో ఎక్కువ. పైన 30 సెంటీమీటర్ల మట్టి మూత పోను, లోపల నింపాల్సింది 131 ఘనపు మీటర్లు. వంద ఘనపుటడుగుల యూనిట్లలో దాదాపు 46.

తవ్వకం అడుగు నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. ఒకసారి మూడు నుంచి ఐదు మీటర్లు మాత్రమే తవ్వి, అదే రోజు నింపాలి. రాత్రంతా తెరిచి ఉంచిన కందకం పొద్దుటికి మూసుకుపోతుంది. 1, 3, 5 ముందు, 2, 4, 6 తర్వాత. పొక్లెయిన్ కట్ట అడుగున గట్టి నేల మీద నిలబడి పనిచేయాలి, అంచు మీద కాదు. నిటారుగా తవ్విన మూడు మీటర్ల కందకంలోకి ఆసరా పలకలు లేకుండా మనిషిని దించకూడదు. పైపును పైనుంచే తాళ్లతో దించి, కంకరను బకెట్టుతోనే వదలాలి. మట్టి పెళ్ల విరిగిపడితే కిందున్న మనిషిని బయటికి లాగేంత సమయం ఉండదు. మేస్త్రి ఎంత తొందరపెట్టినా ఈ ఒక్క విషయంలో మెత్తబడొద్దు.

కందకం అడుగున 10 సెంటీమీటర్ల ఇసుక, దాని మీద 110 మిల్లీమీటర్ల చిల్లుల పీవీసీ పైపు, పైపు చుట్టూ 10 మిల్లీమీటర్ల చిప్స్ (సన్న కంకర), ఆపైన అంతా ముతక ఇసుక. కంకర ఎక్కడా మట్టికి నేరుగా తగలకూడదు. చివరి రెండు మీటర్లు చిల్లులు లేని పైపు వేసి, కింది డ్రెయిన్‌లోకి దాని అడుగుకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున విడవాలి. మూతికి ఎలుకలు దూరకుండా జాలీ, చుట్టూ చిన్న కాంక్రీటు దిమ్మ. దిమ్మ లేకపోతే మొదటి సంవత్సరమే గడ్డి కోసేవాళ్లో, డ్రెయిన్ పూడిక తీసే జేసీబీయో పైపును విరగ్గొడుతుంది. తర్వాత దాని జాడ ఎవరికీ తెలియదు.

కాలువ లోపలి వైపు వాలుకు మాత్రం ఈ పైపు పద్ధతి వద్దు. నిండు కాలువలో పైపు మూతులు మునిగి నీళ్లు లోపలికే వస్తాయి. అక్కడ రివిట్‌మెంట్, అంటే వాలు మీద పేర్చిన రాళ్ల పొర కింద ఇసుక, చిప్స్ వరుస పొరలుగా వేసి, అడుగున రాళ్ల మేట పెడితే నీరు వాలంతా పరుచుకుని బయటికి వస్తుంది. కాలువ మట్టాన్ని ఒక్క రోజులో దించేయకుండా విడతలుగా దించడం కూడా మరమ్మతు కిందే లెక్క.

వడపోత దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి

వడపోత పొరకు రెండు పనులు. మట్టిని ఆపాలి, నీటిని వదలాలి. మట్టిని ఆపడానికి ఒక కొలత ఉంది. వడపోతలో బరువు లెక్కన 15 శాతం ఏ సైజు కంటే చిన్నవో చూడాలి. కట్ట మట్టిలో 85 శాతం ఏ సైజు కంటే చిన్నవో చూడాలి. మొదటిది రెండోదానికి ఐదు రెట్లు దాటకూడదు. కట్ట మట్టిది 0.06 మిల్లీమీటరు అయితే వడపోతది 0.3 లోపు ఉండాలి. మంచి ముతక కృష్ణా ఇసుక ఈ కొలతకు దగ్గరగా వస్తుంది. 20 మిల్లీమీటర్ల కంకరలో అది 10 మిల్లీమీటర్ల దగ్గర. అంటే కట్ట మట్టి మొత్తం దాని సందుల్లోంచి దర్జాగా పోతుంది. కంకర పోసి డ్రెయిన్ అన్న పనులన్నీ రెండు వానాకాలాల్లో పూడిపోవడానికి ఇదే కారణం.

నీటిని వదలాలంటే ఇసుకలో మెత్తటి దుమ్ము 5 శాతం మించకూడదు. రోబో శాండ్ (రాయి నలగ్గొట్టి చేసిన ఇసుక), క్రషర్ డస్ట్ ఇక్కడే దెబ్బతీస్తాయి. కడగని డస్ట్ తడిసి బిగిస్తే గట్టిపడి నీటిని కదలనివ్వదు. ఎర్ర గ్రావెల్‌లోనూ బంక ఉంటుంది. రోడ్డు కట్టకు అది మంచిదే, డ్రెయిన్‌కు పనికిరాదు. బిల్లులో గ్రావెల్ అని రాసి వదిలేస్తే వచ్చేది ఆ ఎర్రమట్టే కాబట్టి, ఏ సైజు ఇసుక, ఏ సైజు చిప్స్ అన్నది అంకెల్లో రాయాలి. సైటులో పారదర్శకమైన సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద పేరుకున్న మడ్డి, ఇసుక ఎత్తులో ఇరవయ్యో వంతు దాటితే ఆ టిప్పర్‌ను వెనక్కి పంపాలి.

జియోటెక్స్‌టైల్, అంటే మట్టిని ఆపి నీటిని వదిలే ప్లాస్టిక్ నారల గుడ్డ, వాడితే పని తేలికే. నేసినది కాకుండా దూదిలా ఒత్తిన రకం, చదరపు మీటరుకు 150 నుంచి 200 గ్రాములు. నల్లరేగడికి నేరుగా ఆనిస్తే సన్నటి బంక దాన్ని మూసేసే ప్రమాదం ఉంది. గుడ్డకూ మట్టికీ నడుమ 10 సెంటీమీటర్ల ఇసుక ఉంటే ఆ భయం తగ్గుతుంది. ఎండలో రోజుల తరబడి పడేసిన గుడ్డ బలం పోతుంది, తెచ్చిన వెంటనే వాడాలి.

కొండవాలుకు

కొండలో కందకం తవ్వడం కుదరదు. అక్కడ అడుగు నుంచి లోపలికి, బయటి వైపుకు వాలుగా, 5 డిగ్రీల దాకా ఎత్తులో సన్నటి బోర్లు కొడతారు. 75 నుంచి 115 మిల్లీమీటర్ల బోరు, లోపల 50 మిల్లీమీటర్ల గాట్ల పైపు, పొడవు 15 నుంచి 30 మీటర్లు, దూరం 5 నుంచి 10 మీటర్లు. బయటి చివర మూడు మీటర్లకు గాట్లు ఉండకూడదు. లేదంటే లోపల పట్టిన నీటిని అంచులో మళ్లీ మట్టికే ఇస్తుంది. పది బోర్లు కొడితే నాలుగైదింట్లోనే నీరు రావచ్చు. నీరు రాయి పగుళ్ల వెంట వస్తుంది, ఏ బోరు పగుళ్లను తాకుతుందో ముందు తెలియదు. అది డబ్బు వృథా కాదు, ఈ పద్ధతి స్వభావమే అంత.

కొండ అంచుకు మూడు నుంచి ఐదు మీటర్ల వెనక నీటిని పట్టే కాలువ తప్పనిసరి, అదీ లైనింగ్‌తో. లైనింగ్ లేని కాలువ వాననంతా ఒకచోట చేర్చి జారే పొరలోకి పంపుతుంది. మట్టి కదిలే చోట అతుకులు పగులుతాయి కాబట్టి కాంక్రీటు కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరవాలి. వాలులోకి దించే ఇనుప మేకులు, వల, షాట్‌క్రీట్ (ఒత్తిడితో చిమ్మే కాంక్రీటు) ఇవన్నీ నీరు దిగాకే. నీటితో నిండిన మట్టిలో మేకు పట్టు తగ్గిపోతుంది, షాట్‌క్రీట్ మూత వేస్తే వెనక ఒత్తిడి పెరుగుతుంది.

తిరిగి కట్టడం

జారిన మట్టిని మెరిసే పొర దాటి, గట్టి నేల తగిలేదాకా తీసి, 60 సెంటీమీటర్ల నుంచి మీటరు ఎత్తు మెట్లు కోయాలి. మెట్లు లేకుండా నున్నటి వాలు మీద కొత్త మట్టి పోస్తే పాత జారుడు స్థానంలో కొత్త జారుడు తయారవుతుంది. ప్రతి మెట్టు వెనక అడుగున ఊట కనిపిస్తే అక్కడే ఇసుక పొర, పైపు. తీసిన నల్లరేగడినే వాడాలంటే ఎండు మట్టి బరువులో 3 నుంచి 5 శాతం సున్నం కలిపి, ఒక రోజు మాగనిచ్చి, 20 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, ప్రాక్టర్ సాంద్రతలో (ల్యాబ్ పరీక్షలో ఆ మట్టికి వచ్చే గరిష్ఠ బిగువులో) 95 శాతం వచ్చేలా రోలర్‌తో తొక్కించాలి. మట్టిలో జిప్సం లాంటి సల్ఫేట్లు ఉంటే సున్నం కలిపిన మట్టి ఉబ్బి పగులుతుంది. ముందు ఆ పరీక్ష చేయించాలి. పైన ఉబ్బని ఎర్రమట్టి మూత వేస్తే వేసవిలో నెర్రెలు లోపలి దాకా పోవు. ఎర్ర గ్రావెల్‌కు సరైన చోటు అదే.

వట్టివేరు బాగా పనికొస్తుంది, దాని వేర్లు రెండు మూడు మీటర్లు దిగుతాయి. మీటరు ఎత్తుకొక వరుస, పిలకకూ పిలకకూ 10 నుంచి 15 సెంటీమీటర్లు, తొలకరిలో నాటాలి. అది పై మట్టిని పట్టుకుంటుంది. నాలుగు మీటర్ల లోతు జారుడును ఏ గడ్డీ ఆపలేదు.

పనికి మంచి కాలం కాలువలు కట్టేసినప్పటి నుంచి జూన్ తొలి వానల దాకా. టెండరు ఆలస్యమై జూలైలో కందకాలు తెరిస్తే కట్టను మనమే తవ్వి జార్చినట్టవుతుంది. అలాంటప్పుడు ఆ ఏడాదికి అడుగున రాళ్ల మేట, పైన టార్పాలిన్, పక్కకు నీటి మళ్లింపుతో సరిపెట్టి, కందకాలను వచ్చే వేసవికి వాయిదా వేయడమే నయం. రాళ్ల మేట జారే పొర కంటే మీటరు లోతు నుంచి మొదలవ్వాలి, దాని వెనకా వడపోత ఇసుక ఉండాలి.

పని ముగిశాక పైపు మూతుల దగ్గర ప్రతి పెద్ద వాన తర్వాత బకెట్టు పెట్టి నీటిని కొలవాలి. తేట నీరు వస్తే మంచిది. బురద నీరు వస్తే వడపోత తప్పింది, లోపల కట్ట గుల్లవుతోంది, ఆ కందకాన్ని మళ్లీ తెరవాలి. రెండేళ్లకో మూడేళ్లకో పైపుల్లోకి ఒత్తిడితో నీళ్లు కొట్టి వేర్లు, తుప్పు రంగు మడ్డి కడిగించాలి. ముందు వేసిన మూడు బోర్ల కొలతలు కనీసం రెండు వానాకాలాలు కొనసాగించాలి. అక్టోబరు కొలతలో నీటిమట్టం మొదటి ఏడాది దిగకపోయినా కంగారు పడొద్దు, నల్లరేగడి ఆలస్యంగా స్పందిస్తుంది. రెండో ఏడాది కూడా అనుకున్న మట్టానికి దిగకపోతే, ఆరు కందకాల నడుమ మరో ఐదు తవ్వాలి.